కుందేళ్లు రెండూ ఆడవే అన్నారు, ఇప్పుడు ఒకటి బొచ్చు పీక్కుని గూడు కడుతోంది. ఏం చేయాలి?

మల్లి_మినప_అమ్మ (విజయవాడ):

అందరికీ నమస్కారం. మాది పటమటలో రెండో అంతస్తు ఫ్లాటు. మొన్న దసరా సెలవుల్లో మా పాప పట్టుబట్టి రెండు కుందేళ్లు కొనిపించుకుంది. పాపకి తొమ్మిదేళ్లు. ఒకటి తెల్లగా, ఎర్ర కళ్లతో ఉంటుంది, దాని పేరు మల్లి. రెండోది నలుపు తెలుపు మచ్చలది, మినప. అప్పటికి రెండు నెలల పిల్లలని, రెండూ ఆడవేనని, ఒకే బోనులో పెట్టుకోవచ్చని షాపతను చెప్పాడు. మేం నమ్మాం.

నిన్నటి నుంచి మల్లి తీరు మారింది. మెడ కింద, పొట్ట దగ్గర బొచ్చు నోటితో పీకేసుకుంటోంది. పేపరు ముక్కలు, గడ్డిపోచలు నోటినిండా కరుచుకుని ఒక మూలకి మోస్తోంది. మీసాలొచ్చినట్టుందని పాప నవ్వుతోంది. నేను ముందు గజ్జి అనుకున్నాను. అనుమానం వచ్చి మినపని ఎత్తి చూస్తే వెనక కాళ్ల మధ్య వృషణాలు స్పష్టంగా కనిపించాయి. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

రెండూ బాల్కనీలో ఇనుప జాలీ బోనులో ఉంటాయి, అడుగు కూడా జాలీయే. క్యారెట్, క్యాబేజీ, పాలకూర, నానబెట్టిన శనగలు పెడుతున్నాం. గడ్డి ఎప్పుడైనా దొరికితే వేస్తాం. మా అత్తగారు "పిల్లల్ని ముట్టుకుంటే తల్లి తినేస్తుంది, ఎవరూ దగ్గరికి పోవద్దు" అంటున్నారు. మావారికి మాత్రం ఉత్సాహంగా ఉంది. ఎలాగూ పిల్లలు పెడుతోంది కదా, దీన్నే హాబీగా కొనసాగిద్దాం, పుట్టినవి బంధువులకి ఇద్దాం, మిగిలితే నూజివీడు దగ్గర మన మామిడితోటలో వదిలేద్దాం అంటున్నారు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు కానీ ఎందుకు నచ్చలేదో ఆయనకి చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేను ముందుగా ఏం చేయాలి? పిల్లల్ని ముట్టుకోవచ్చా? మావారు అన్నట్టు ఇంట్లో పిల్లలు పెట్టించడం మాలాంటి వాళ్లకి సాధ్యమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

మేడమీద_గరిక (హన్మకొండ):

అమ్మా, ముందు లేచి వెళ్లి మినపని వేరే చోట పెట్టండి. మిగతాది తర్వాత చదవచ్చు.

ఆడ కుందేలు పిల్లలు పెట్టిన కొద్ది గంటల్లోనే మళ్లీ మగదానితో కలిసి చూడి కట్టగలదు. ఆవుకీ మేకకీ ఉన్నట్టు దీనికి ఎదకొచ్చే రోజుల లెక్క ఉండదు. మగది దాటాక, అంటే జతకట్టాక, పది పన్నెండు గంటలకి అండాలు విడుదలవుతాయి. కాబట్టి ఒక్క నిమిషం కలిసినా చాలు. చూడి కాలం సుమారు 31 రోజులు. ఇవాళ ఈని ఇవాళే మళ్లీ కలిస్తే, ఈ పిల్లలు పాలు మరవకముందే ఇంకో కాన్పు వచ్చి పడుతుంది, తల్లి ఎముకల గూడవుతుంది. మినపని హాల్లో పెడతారో, ఖాళీ బాత్రూములో పెడతారో మీ ఇష్టం. ఇవాళే పెట్టండి.

ఇక మల్లి. బొచ్చు పీకుతోందంటే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఈనుతుంది. పళ్ల దుకాణంలో చెక్కపెట్టె అడగండి, లేకపోతే గట్టి అట్టపెట్టె. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చాలు. మరీ పెద్దదైతే పిల్లలు చెల్లాచెదురై చల్లబడిపోతాయి. ఒక పక్క గోడని అరడుగు ఎత్తుకి కోయండి. తల్లి దూకి లోపలికి పోవాలి, పిల్లలు బయటికి దొర్లకూడదు. అడుగున పేపరు పరిచి, పైన ఎండుగడ్డి మందంగా వేయండి. పరుపు కోసమే కాబట్టి వరిగడ్డి అయినా పర్వాలేదు. దూది, పాతచీర పీలికలు మాత్రం వద్దు. దారం చుట్టుకుని పిల్ల కాలు నల్లబడిపోవడం నేను కళ్లారా చూశాను. మల్లి ఇప్పటిదాకా పోగేసుకున్న బొచ్చూ గడ్డీ తీసి ఈ పెట్టెలోనే పెట్టండి. అది తన గూడే అని గుర్తుపడుతుంది. బోను అడుగున జాలీ మీద చెక్కపలక వేయండి. పుట్టిన పిల్ల చిటికెన వేలంత ఉంటుంది, జాలీ కన్నాల్లోంచి కిందికి జారిపోతుంది. పెద్దవాటికి కూడా జాలీ మీద నిలబడి నిలబడి అరికాళ్లు పుండ్లు పడతాయి.

చీమల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. పాల వాసనకి రాత్రికి రాత్రే వరస కట్టి వస్తాయి. బోనుని స్టాండు మీదకి ఎక్కించి, కాళ్ల కింద నాలుగు గిన్నెల్లో నీళ్లు పోయండి. మా అమ్మ వంటింట్లో పాలబీరువాకి ఇలాగే చేసేది. పిల్లి, కాకి, ఎలుక చొరబడే సందులుంటే ఇవాళే మూయండి.

మీ అత్తగారి మాట చాలామంది పెద్దవాళ్లు అనేదే, పిల్లల్ని కాపాడాలనే అంటారు. అయితే ముట్టుకున్నందుకు మల్లి వాటిని తినదు. మిమ్మల్ని రోజూ చూస్తోంది కదా, మీ వాసన దానికి కొత్త కాదు. తల్లి పిల్లల్ని చంపడం ఎక్కువగా తొలి కాన్పులో, కుక్క అరుపులకో టపాకాయలకో బెదిరినప్పుడు, నీళ్లు లేక దాహంతో ఉన్నప్పుడు జరుగుతుంది. కాబట్టి నీళ్ల గిన్నె రాత్రంతా నిండుగా ఉండాలి, ఒకటికి రెండు పెట్టండి. ఈనిన రోజు మల్లిని కొంచెం కొత్తిమీరతో పక్కకి పిలిచి, చేతులకి దాని గడ్డి రుద్దుకుని, గూడు తెరిచి లెక్కపెట్టండి. చనిపోయినవి ఉంటే తీసేయాలి. ఆ తర్వాత రోజుకి ఒక్కసారి చూస్తే చాలు. పాపని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, స్కూలు పిల్లలందర్నీ మాత్రం పిలవకండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2014లో నా మొదటి ఆడకుందేలు ఆరు పిల్లల్ని పెట్టింది. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం చూశాను, అది ఒక్కసారీ గూట్లో లేదు. దూరంగా కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. పిల్లల్ని వదిలేసిందనుకుని ఆవుపాలు గోరువెచ్చగా చేసి ఇంకు ఫిల్లరుతో పోశాను. మూడు రోజుల్లో నాలుగు పోయాయి. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయని తర్వాత తెలిసింది. కుందేలు తల్లి రోజుకి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు పాలిస్తుంది. అది కూడా అర్ధరాత్రో తెల్లవారుజామునో, నాలుగైదు నిమిషాలు. మిగతా సమయమంతా గూటికి దూరంగానే ఉంటుంది. అడవిలో వాసన పట్టి శత్రువు రాకుండా ఉండాలని దానికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త అది. ఆ నాలుగు పిల్లల్నీ చంపింది నా తొందరే. మీరు పొద్దున్నే పొట్టలు చూడండి. బూరెల్లా గుండ్రంగా ఉంటే పాలు తాగినట్టే. చర్మం ముడతలు పడి, పొట్ట లోపలికి పోయి, వరసగా రెండు పొద్దులు అలాగే ఉంటే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మాత్రం ఏమీ పోయకండి. ఒక పిల్ల గూటి బయట చల్లగా దొరికితే ముందు అరచేతుల మధ్య వెచ్చబరిచి లోపల పెట్టండి. చల్లబడిన పిల్లకి పాలు తాగే శక్తి ఉండదు.

తిండి విషయం. క్యారెట్, శనగలు, క్యాబేజీ కుందేలు ప్రధాన ఆహారం కాదమ్మా. గడ్డే ప్రధానం. దాని పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి, పేగు కదులుతుంది. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్ముతారే, ఆ గరికే. నేను దాన్ని మేడ మీద నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో దాచుకుంటాను. మందు కొట్టిన చేల గట్ల మీదది, కుక్కలు తిరిగే చోటిది కోయొద్దు. పాలిచ్చే తల్లికి లూసర్న్ గడ్డి బలం. లేత జొన్న పైరు పొరపాటున కూడా వేయకండి, పశువులకి నాము (లేత జొన్నలోని విషం) తగిలేది దానితోనే. ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా ఆకులు, చాక్లెట్ విషమే. అయితే ఈ వారం మల్లి తిండి ఒక్కసారిగా మార్చేయకండి. ఇప్పుడున్న దానికి గడ్డి కలుపుతూ, శనగలు తగ్గిస్తూ పది రోజులు తీసుకోండి. క్యారెట్ చిన్న ముక్క, అదీ మనం లడ్డూ తిన్నంత అరుదుగా.

నూజివీడు తోట మాట మీకు ఎందుకు నచ్చలేదో నేను చెబుతాను. మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి వేరు, ఇంట్లో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి, త్వరగా పరుగు నేరుస్తాయి. మన మల్లి వంశం యూరప్ కుందేలుది, దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తెల్ల ఒళ్లు, ఎర్ర కళ్లు, శత్రువు నుంచి తప్పించుకోవడం తెలియని అమాయకత్వం. తోటలో దాన్ని వదిలితే రెండు రాత్రులు గడవవు. అక్కడి చెవులపిల్లిని తెచ్చి పెంచుదామని రేపు ఎవరైనా అంటే అదీ కుదరదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

హాబీ గురించి మీవారు అడిగారన్నారు. అది రేపు రాస్తాను. ముందు పెట్టె చూడండి.

చిన్నపశువుల_వైద్యం (కర్నూలు):

గరిక అమ్మగారు చెప్పాల్సినవన్నీ చెప్పేశారు. వైద్యపరంగా కొన్ని కలుపుతాను.

మొదటిది, ఇది ఉత్తుత్తి చూడి కూడా కావచ్చు. కలిసినా గర్భం నిలవనప్పుడు, ఒక్కోసారి రెండు ఆడవి ఒకదానిపై ఒకటి ఎక్కినా, 16 నుంచి 18 రోజుల తర్వాత ఆడది ఇలాగే బొచ్చు పీకి గూడు కడుతుంది. మినప మగదని తేలింది కాబట్టి నిజం చూడే అయ్యే అవకాశం ఎక్కువ. పొట్ట నొక్కి చూసుకోకండి. ఆ పరీక్ష 10 నుంచి 14 రోజుల మధ్య, చేయి తిరిగినవాళ్లు చేసేది. ఇప్పుడు నొక్కితే ప్రమాదం. కుందేలు కాన్పు మామూలుగా అరగంటలో అయిపోతుంది. ముక్కుతూ చాలాసేపు ఏదీ బయటికి రాకపోయినా, రక్తం ఆగకపోయినా వెంటనే తీసుకెళ్లండి. మీకు గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రి దగ్గరే.

షాపులో ఆడా మగా తప్పు చెప్పడం చాలా మామూలు. రెండు నెలల వయసులో వృషణాలు ఇంకా కిందికి దిగి ఉండవు. మగవాటిలో అవి లోపలికి వెనక్కి పోగలవు కూడా. మెల్లగా చర్మం వెనక్కి లాగి చూస్తే మగదానికి గుండ్రటి గొట్టంలా, ఆడదానికి నిలువు చీలికలా కనిపిస్తుంది. పిల్లలకి పది వారాలు వచ్చాక ఎవరికైనా చూపించి ఆడా మగా విడదీయండి. మూడున్నర నాలుగు నెలలకే మగవి దాటడం మొదలుపెడతాయి, అక్కాచెల్లెళ్లు అన్నదమ్ములు అని వాటికి ఉండదు.

మల్లి కోలుకుని, పిల్లలు పాలు మరిచాక, రెండింటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి ఆలోచించండి. మగదానికి అది చిన్న ఆపరేషన్. అయితే చేశాక కూడా సుమారు ఆరు వారాలు అది పిల్లల్ని పుట్టించగలదు, కాబట్టి వెంటనే కలపకూడదు. ఆడదానికి ఆపరేషన్ పెద్దదే, కానీ అవసరం ఉంది. గర్భసంచి తీయని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భసంచి కాన్సర్ చాలా ఎక్కువ. డాక్టర్ని ఎంచుకునేటప్పుడు "మీరు ఇప్పటిదాకా కుందేళ్లకి ఎన్ని చేశారు" అని నిర్మొహమాటంగా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా మీకు నష్టం లేదు. ఆపరేషన్ ముందు కుక్కలా పిల్లిలా కుందేలుని పస్తు పెట్టాలని ఎవరైనా అంటే అక్కడ చేయించకండి. కుందేలుకి వాంతి చేసుకోవడం చేతకాదు, దాని పేగు ఖాళీగా ఆగకూడదు.

ఇంకో రెండు మాటలు. కుక్కల పిడుదులకి మెడ మీద వేసే ఫిప్రోనిల్ మందు కుందేలుకి విషం. ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన అమోక్సిసిలిన్ యాంటీబయాటిక్ నోట్లో పోస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు పోతుంది. ఈ రెండు పొరపాట్లకీ బలైన కుందేళ్లని నా బల్ల మీద చూశాను. చెవుల్లో బూడిదరంగు పొక్కులు కడితే పీకకండి, అది పురుగు గజ్జి. బరువు చూసి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇస్తాం, తగ్గిపోతుంది. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే రేపటిదాకా ఆగొద్దు.

సీమ_పాకలు (మదనపల్లె):

అందరూ బాగా భయపెడుతున్నారు అనిపించింది. నేను రెండేళ్లు న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిలా రకాల కుందేళ్లు పెంచాను, నాలుగు ఆడవి, ఒక మగది. ఈనుతూనే ఉంటాయి, పిల్లలకి గిరాకీ ఉంటుంది, పెట్ షాపులవాళ్లే వచ్చి పట్టుకెళ్తారు. మేడం గారికి ఇద్దరు ముగ్గురు బంధువులు ఉన్నారు కదా. పిల్లలు పెట్టించి ఖర్చులు రాబట్టుకుంటే తప్పేముంది? వేసవిలో మాత్రం మా మగది పనికి రాలేదు, ఎండలకి మగవాటి సత్తువ పోతుంది, అది గమనించుకోండి.

మేడమీద_గరిక (హన్మకొండ):

తమ్ముడూ, వేసవి మాట నిజం చెప్పారు. పాకల్లో పెంచడం ఒక వృత్తి, దాని లెక్కలు దానికి ఉంటాయి, నేను కాదనను. ఈ అమ్మ అడిగేది ఇంట్లో పేరు పెట్టి పిలుచుకునే కుందేళ్ల గురించి. అక్కడ నాకు చెప్పాల్సింది ఉంది.

2016లో నేనూ షాపుకే ఇచ్చాను. ఎనిమిది వారాల పిల్లలు ఆరు. మనసు ఊరుకోక పది రోజులకి వెళ్లి చూశాను. రెండు మిగిలి ఉన్నాయి. రోడ్డు పక్క ఎండలో, పక్షుల బోను కింద, నీళ్ల గిన్నె ఎండిపోయి, తోకల కింద పారుడు అంటుకుని. నేను పుట్టించిన పిల్లల్ని నేనే డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి తెచ్చాను. ఒకటి ఆ రాత్రే పోయింది. రెండోది ఏడేళ్లు బతికింది, దాని పేరు సీతాఫలం. ఆ రోజు నుంచి షాపుకి ఒక్క పిల్లని కూడా ఇవ్వలేదు.

అప్పుడు ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. ప్రతి పిల్లకీ ఒక పేజీ. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పుట్టిన తేదీ, వంటింటి కాటా మీద వారం వారం బరువు, పళ్లు ఎలా కలుస్తున్నాయి, ఎవరింటికి వెళ్లింది. ఇచ్చేటప్పుడు ఒక్కటే షరతు పెడతాను: ఎప్పుడు కుదరకపోయినా, ఐదేళ్ల తర్వాతైనా, నాకే వెనక్కి తెచ్చివ్వాలి. ఇప్పటికి తొమ్మిది వెనక్కి వచ్చాయి. ఒకసారి అమెరికా వెళ్లిపోతున్న కుటుంబం రాత్రి పదకొండింటికి కారు ఆపి ఇచ్చి వెళ్లింది. నా దగ్గర ఎప్పుడూ రెండు బోన్లు ఖాళీగా ఉంటాయి, వాటి కోసమే.

నేను ఇప్పుడు ఏడాదికి ఒక్క కాన్పు మాత్రమే పెట్టిస్తాను, అదీ ముందు ఇళ్లు కుదిరాకే. మొన్న కార్తీకంలో ఐదు ఇళ్లవాళ్లు అడిగారు, వాళ్లందరి ఇళ్లకీ వెళ్లి చూశాను. కుక్క ఉందా, బోను ఎక్కడ పెడతారు, వేసవిలో ఊరెళ్తే ఎవరు చూస్తారు. చలికాలం మొదట్లో కట్టిస్తే పిల్లలు ఎండలు ముదిరేలోపే చేతికొస్తాయి. ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్తాను. మగదాన్ని ఆడదాని చోట వదిలితే అది తన ఇంట్లోకి దొంగ వచ్చినట్టు కరుస్తుంది. పక్కనే నిలబడతాను, మగది దాటి పక్కకి ఒరిగి పడగానే ఆడదాన్ని వెనక్కి తెస్తాను. తేదీ రాస్తాను. 28వ రోజున గూడుపెట్టె పెడతాను. మూడు కాన్పుల తర్వాత తల్లికి విశ్రాంతి, ఆపరేషన్ చేయిస్తాను.

జతని ఎంచడంలోనే అసలు బాధ్యత ఉందమ్మా. నా దగ్గర గోధుమ అని ఒక మగది ఉండేది. రంగు చూస్తే అందరూ దాని పిల్లలే కావాలనేవారు. దాని పిల్లల్లో రెండింటికి ఎనిమిది వారాలకే కింది పళ్లు పైపళ్ల ముందుకి పొడుచుకొచ్చాయి. ఆ రెండింటినీ ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు వారాలకోసారి ఇక్కడ మామునూరులో పశువైద్య కళాశాలకి తీసుకెళ్లి పళ్లు అరగదీయించాను, బతికినన్నాళ్లూ. గోధుమని మళ్లీ ఎప్పుడూ కట్టించలేదు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. మరీ చిన్న రకం మరగుజ్జు కుందేళ్లు కావాలని అడుగుతుంటారు. రెండు మరగుజ్జుల్ని జతకడితే నాలుగో వంతు పిల్లలు ఆ లక్షణం రెండువైపులా వచ్చి, పుట్టిన కొద్ది రోజుల్లోనే పోతాయి. తెలిసి ఆ పని చేయడం నాకు చేతకాదు.

మీ విషయానికొస్తే, మల్లి మినప ఒకే షాపులో ఒకే వయసులో దొరికాయి కాబట్టి ఒక తల్లి పిల్లలే కావచ్చు. అందుకని వీటి పిల్లలతో మళ్లీ పిల్లలు పెట్టించకండి, తీసుకునేవాళ్లకి కూడా ఆ మాట చెప్పండి. మీవారి ఉత్సాహం మంచిదే. ఆయన్ని ఒక పని చేయమనండి. ఈ వారం బంధువులకి ఫోన్ చేసి, కుందేలు ఎనిమిది పదేళ్లు బతుకుతుంది, మీ ఇంట్లో ఉంచుకుంటారా అని అడగమనండి. మీ పాప డిగ్రీలో చేరేదాకా ఉండే ప్రాణి అది. అవునన్న ఇళ్లు ఎన్నో లెక్క తేలితే, ఇంకో కాన్పు గురించి మీ ఇద్దరూ మాట్లాడుకోవచ్చు.

మల్లి_మినప_అమ్మ (విజయవాడ):

ఆరు రోజులుగా రాయడం కుదరలేదు, క్షమించండి. మీరు రాసిన ఆ రాత్రే మినపని హాల్లోకి మార్చాం. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి చప్పుడైతే లేచాను. పొద్దున మల్లిని కొత్తిమీరతో పక్కకి పిలిచి పాపా నేనూ లెక్కపెట్టాం. ఆరు. ఒకటి చనిపోయి ఉంది. దాన్ని పాపే ఒక తమలపాకులో చుట్టింది, కింద పార్కులో గన్నేరు చెట్టు దగ్గర పూడ్చాం. మిగతా ఐదూ గులాబీరంగులో, బొచ్చులోపల కదులుతూ ఉన్నాయి.

మొదటి రోజంతా మల్లి గూటి దగ్గరికే పోలేదు. మీరు రాసింది చదవకపోతే నేనూ ఫిల్లరు పట్టుకునేదాన్నేనమ్మా. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే ఐదు పొట్టలూ బూరెల్లానే ఉన్నాయి. అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, చీమల గిన్నెల్లో నీళ్లు మార్చే పని తను తీసుకున్నారు. రోజూ రెండుసార్లు మారుస్తున్నారు.

మావారు పదకొండు ఫోన్లు చేశారు. ముందు ఏడుగురు సరే అన్నారు, ఎనిమిదేళ్లు అనగానే ఇద్దరు మిగిలారు. ఒకరు ఏలూరులో మా చిన్నాడపడుచు, ఇంకొకరు ఆయన ఆఫీసులో ఒకాయన. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే అన్నారు, మినపకి ఆపరేషన్ ఎక్కడ చేయిస్తారో కనుక్కో అని. గన్నవరం వెళ్లి అడిగి వచ్చాం, మల్లికి కూడా పిల్లలు పాలు మరిచాక చేయిద్దామన్నారు. మిగతా మూడు పిల్లలకి ఇళ్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటాయి. ఒక్క దిగులే ఉంది. పిల్లలకి ఎనిమిది వారాలు వచ్చేసరికి ఏప్రిల్. విజయవాడ ఎండలు మీకు తెలుసు కదా, మా బాల్కనీ పడమర వైపు.

మేడమీద_గరిక (హన్మకొండ):

ఐదు బూరెలు! చాలా సంతోషం అమ్మా. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

పడమర బాల్కనీ మార్చి నుంచే వద్దు, బోను లోపలికి తెచ్చేయండి. 30 డిగ్రీలు దాటితే కుందేలు ఒగరుస్తుంది, దానికి చెమట పట్టదు, చెవుల్లోంచే వేడి పోవాలి. నేను నాలుగు నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బోనులో పడుకోబెడతాను, రెండు లోపల రెండు ఫ్రీజర్‌లో మార్చుకుంటూ. అవి వాటికి ఆనుకుని పడుకుంటాయి. నేల మీద షాబాదు బండ ఒకటి తడిపి వేస్తే ఇంకా ఇష్టం. ఎప్పుడైనా నోరు తెరిచి ఊపిరి తీస్తూ, చెవులు కాలిపోతూ కనిపిస్తే చల్లటి నీటిలో ముంచకండి. చెవుల్ని మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, డాక్టరు దగ్గరికి బయల్దేరండి. పిల్లల్ని తీసుకునేవాళ్లని కూడా తెల్లవారుజామున వచ్చి తీసుకెళ్లమనండి. మధ్యాహ్నం బస్సులో అట్టపెట్టెలో ఏలూరు దాకా వద్దు.

పది పన్నెండు రోజులకి కళ్లు తెరుస్తాయి. పన్నెండో రోజుకి కూడా ఏదైనా తెరవకపోతే, కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో శుభ్రమైన గుడ్డ ముంచి మెల్లగా తుడవండి, చేత్తో విప్పకండి. మూడో వారంలో గూట్లోంచి దూకి తల్లితో పాటు గడ్డి కొరకడం మొదలుపెడతాయి. అప్పటి నుంచి ఎనిమిదో వారం దాకా పారుడు విషయంలో కన్నేసి ఉంచండి. అడుగు పలక రోజూ కడిగి ఎండబెట్టండి, కొత్త ఆకుకూర ఏదీ ఒక్కసారిగా పెట్టకండి. పొట్ట ఉబ్బి పిల్ల మూలకి ముడుచుకుంటే కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) కావచ్చు, ఆ రోజే పెంటికలు పట్టుకుని గన్నవరం వెళ్లండి.

పాపకి ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఐదు పేజీలు చాలు. ఈ ఆదివారం వంటింటి కాటా మీద ఒక్కోదాన్ని తూచి, ఏ పిల్ల ఎన్ని గ్రాములుందో ఇక్కడ రాయమనండి, నేను చూసి చెబుతాను.